మిద్దె వేడి కొలవడం ఎలా, తగ్గించడం ఎలా? కర్నూలు, అనంతపురం, కడప స్లాబు ఇళ్ల కోసం

శివరాత్రి దాటిందంటే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న: "మిద్దెకు తెల్ల పెయింటు కొట్టిస్తే ఇల్లు నిజంగా చల్లబడుతుందా, డబ్బులు దండగేనా?" అది మీ ఇంటిని బట్టి ఉంటుంది. వేడి స్లాబు నుంచి దిగుతుంటే తప్పకుండా చల్లబడుతుంది. పడమటి గోడ నుంచో కిటికీ నుంచో వస్తుంటే మాత్రం మిద్దెకు ఎంత తెలుపు పూసినా పెద్దగా ఒరిగేది ఉండదు. అందుకే ముందు కొలవండి, తర్వాత కుంచె పట్టుకోండి.

మన మూడు ఊళ్లలోనూ ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారం లోపల సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో గోడల కంటే మిద్దె మీదే ఎండ ఎక్కువ పడుతుంది. మధ్యాహ్నం తాగిన వేడిని స్లాబు కొన్ని గంటలు ఆలస్యంగా కిందికి వదులుతుంది. బయట చల్లగాలి మొదలయ్యాక కూడా రాత్రి పదింటికి ఫ్యాను వేడిగాలే కొట్టడానికి కారణం ఇదే. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

కొలవడానికి:
- ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపే చిన్న డిజిటల్ మీటర్లు రెండు. ఒకటి గదికి, ఒకటి బయటికి.
- గోడకు గురిపెట్టి నొక్కితే వేడి చూపే గన్ థర్మామీటరు. మెకానిక్కులు వాడే రకం కొనండి, వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరుకుతుంది. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టి చూసిన గన్ను పనికిరాదు. అది ఒంటి వేడికి మాత్రమే తయారైంది, స్లాబుకు గురిపెడితే 'హై' అనో 'లో' అనో చూపి ఊరుకుంటుంది.
- నోటుబుక్కు, పెన్ను, నల్ల ఇన్సులేషన్ టేపు.

సున్నం వేయడానికి, 600 చదరపు అడుగుల గరుకు స్లాబుకు మూడు పూతల లెక్క:
- మంచి రాతి సున్నం 15 కిలోలు
- తెల్ల సిమెంటు 3 కిలోలు
- ఫెవికాల్ డీడీఎల్ (సున్నంలో కలిపే జిగురు) కిలోన్నర
- నీళ్లు సుమారు 60 లీటర్లు
- ఇనుప డ్రమ్ము లేదా సిమెంటు తొట్టి, వడకట్టడానికి గుడ్డ, సున్నం కుంచెలు, ఇనుప బ్రష్షు, రబ్బరు గ్లవ్సులు, కళ్లద్దాలు

మిద్దె బాగా గరుకుగా ఉంటే ఇంకో మూడు, నాలుగు కిలోల సున్నం తాగుతుంది. కొంచెం ఎక్కువే తెచ్చుకోండి.

మొదటి భాగం: కొలవడం

1. మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడండి. రెండు డిజిటల్ మీటర్లనూ ఒక రాత్రంతా పక్కపక్కన పెట్టండి. పొద్దున ఒకటి 31.2, రెండోది 31.9 చూపితే ఆ 0.7 తేడాను బుక్కులో రాసుకుని ప్రతిసారీ లెక్కలో సరిచేయండి. తేమకు ఉప్పు పరీక్ష ఉంది. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేయండి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్ని, మీటరును మూత గట్టిగా పట్టే డబ్బాలో ఎనిమిది గంటలు ఉంచితే మీటరు 75 శాతం చూపాలి. 69 చూపితే మీ మీటరు ఆరు తక్కువ చెబుతున్నట్టు. గన్ను పరీక్షకు గిన్నెలో ఐసుముక్కలు, నీళ్లు పోసి బాగా కలిపి, నీటి మీద గురిపెట్టండి. సున్నాకు ఒకటి, రెండు డిగ్రీల లోపు ఉంటే చాలు.

2. బయటి మీటరును నీడలో, గాలి ఆడే చోట, నాలుగైదు అడుగుల ఎత్తున వేలాడదీయండి. ఉత్తరం గోడకు ఎండ తగలదని చాలామంది అక్కడ పెడతారు. మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలు దాకా మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు, ఆ గోడకూ ఎండ తగులుతుంది. వేపచెట్టు కొమ్మ మేలు, లేదంటే వసారా. ఏసీ బయటి యూనిట్టు, వంటింటి కిటికీ, కూలరు దరిదాపుల్లో వద్దు. గోడకు ఆనించి మేకుకు కొడితే అది గాలిని కాదు, గోడ వేడిని చూపిస్తుంది.

3. రోజుకు నాలుగుసార్లు రాయండి: పొద్దున 6, మధ్యాహ్నం 1, సాయంత్రం 6, రాత్రి 10. ప్రతిసారీ బయటి గాలి, గది గాలి, సీలింగు, నాలుగు గోడలు. మధ్యాహ్నం మాత్రం మిద్దె పైభాగం కూడా. మబ్బు పట్టినా చినుకు పడినా ఆ రోజు లెక్క వదిలేయండి. ఎండ బాగా కాసిన మూడు రోజుల అంకెలు చాలు.

గన్ను పట్టడంలో మెలకువ ఉంది. నిటారుగా గురిపెట్టాలి, ఏటవాలుగా కాదు. ఎర్ర చుక్క పడినచోటు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న వలయం మొత్తం కొలుస్తుంది. మామూలు గన్నుల మీద 12:1 అని ఉంటుంది, అంటే ఐదడుగుల దూరం నుంచి ఐదు అంగుళాల వలయం. ఫ్యాను, ట్యూబులైటు, వైరు పైపు ఆ వలయంలో పడకూడదు. సీలింగును నాలుగు చోట్ల చూసి సగటు వేయండి. కొత్త జింకు రేకు, స్టీలు ట్యాంకు లాంటి మెరిసే వస్తువుల మీద గన్ను అబద్ధం చెబుతుంది. కాలిపోతున్న రేకును కూడా చల్లగా చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అతికించి, పది నిమిషాలాగి టేపుకు గురిపెట్టండి. రేకుపై చెయ్యి పెట్టి చూసే సాహసం వద్దు.

4. అంకెలు చదవండి. సాయంత్రం 6 గంటల లెక్కే అన్నింటికంటే ముఖ్యం. ఉదాహరణకు గది గాలి 37, సీలింగు 42, పడమటి గోడ 39, తూర్పు గోడ 36.5 ఉన్నాయనుకోండి. సీలింగు గాలి కంటే ఐదు డిగ్రీలు ఎక్కువ. దొంగ దొరికాడు, మిద్దే. ఎంత తేడాకు ఏం చేయాలంటే:

- సీలింగు గది గాలి కంటే 3 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే మిద్దె పని మొదలుపెట్టండి.
- పడమటి గోడ సీలింగుతో సమానంగా కాలుతుంటే ముందు గోడకు నీడ చూడండి, తర్వాత మిద్దె.
- సీలింగు, గోడలు అన్నీ గది గాలికి దగ్గరగా ఉండి, రాత్రి పదింటికి బయట కంటే గదిలో నాలుగైదు డిగ్రీలు ఎక్కువుంటే గాలి ఆడటం లేదని అర్థం. పెయింటు ఖర్చు అక్కర్లేదు, కింద 6లో ఉన్న 'కిటికీలు, గాలి' చదవండి.
- మీ పైన ఇంకో అంతస్తు ఉంటే మిద్దెకు ఏం చేసినా ఫలితం వాళ్లకే. మీకు గోడలు, కిటికీలే దిక్కు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మిద్దె పైభాగం 60 దాటినా కంగారుపడకండి. పాతబడి నల్లబడ్డ సిమెంటుకు అది మామూలే. ఫోనులో వాతావరణం కింద చూపించే 42 డిగ్రీలు మీ మిద్దెది కాదు, మీ వీధిది కూడా కాదు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చవద్దు.

రెండో భాగం: తగ్గించడం

5. మిద్దెకు తెలుపు

సంక్రాంతి తర్వాత, ఉగాదికి ముందు చేయడం మంచిది. ఎలాగూ పండక్కి గోడలకు సున్నం కొట్టిస్తారు, కూలీ కలిసొస్తుంది. మే నెలలో మొదలుపెడితే స్లాబు వేడికి పూత పట్టు చిక్కకముందే ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంది.

*ముందుగా నీళ్ల పరీక్ష.* మిద్దె మీద మగ్గుడు నీళ్లు చల్లండి. స్లాబు నీళ్లు పీల్చుకుని ముదురు రంగుకు తిరిగితే సున్నం పడుతుంది. ముత్యాల్లా నిలబడితే ఇదివరకెవరో వాటర్‌ప్రూఫ్ పూత వేసినట్టు. దానిపై సున్నం నిలవదు, డబ్బా పెయింటే గతి. కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచిన మిద్దెలదీ అదే కథ. నునుపు బండ సున్నాన్ని పట్టుకోదు. అలాంటి మిద్దెకు వాటం సరిచూసుకుని, తెల్ల టైల్సు ముక్కలు సిమెంటులో పరిపిస్తే ఏళ్ల తరబడి చూడక్కర్లేదు. కానీ బరువు పెరుగుతుంది, పాత స్లాబయితే ఇంజనీరుకు చూపించకుండా వేయొద్దు.

*మిద్దె శుభ్రం.* ఇనుప బ్రష్షుతో నాచు, పెచ్చులు గీకేసి, కడిగి, పగుళ్లకు సిమెంటు పట్టించి ఆరనివ్వండి. పని మొత్తంలో విసుగు పుట్టించేది ఇదే. కూలీలు ఎగ్గొట్టేదీ ఇదే. దగ్గరుండి చేయించుకోండి. దుమ్ము మీద వేసిన సున్నం దుమ్ముకే అంటుకుంటుంది, స్లాబుకు కాదు.

*సున్నం ఉడికించడం.* ముందు నీళ్లు పోసి, అందులో సున్నపు రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు గుమ్మరిస్తే ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బక్కెట్టు కరిగిపోతుంది, వద్దు. పిల్లలను దూరంగా ఉంచండి, కళ్లద్దాలు తీయొద్దు. కంట్లో పడితే రుద్దకుండా కనీసం 20 నిమిషాలు నీళ్లు పారిస్తూ కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కిలో సున్నానికి నాలుగు లీటర్ల లెక్కన కలిపి, ఒక రోజంతా వదిలేసి, మర్నాడు గుడ్డలో వడకట్టండి. పిండి సున్నం ప్యాకెట్లు దొరికితే ఉడికించే బాధ లేదు. ఆ సంచి పాతదై గాలి తగిలి గడ్డలు కట్టి ఉంటే మాత్రం పట్టు ఉండదు.

*కలపడం.* ఫెవికాల్‌ను గోరువెచ్చని నీళ్లలో విడిగా కరిగించి సున్నంలో పోయండి. తెల్ల సిమెంటు మాత్రం ఒక్కసారిగా మొత్తం కలపకండి. గంటలో వాడేంత సున్నం బక్కెట్టులోకి తీసుకుని, అందులో లెక్క ప్రకారం సిమెంటు వేయండి. గంట దాటితే గట్టిపడటం మొదలవుతుంది. అప్పుడు మళ్లీ నీళ్లు పోసి పలచన చేస్తే పట్టు పోయినట్టే. కుంచె ముంచి ఎత్తితే పలచని పాలలా కారిపోకూడదు, మజ్జిగ చిక్కదనంలో జారాలి.

*పూత.* సాయంత్రం ఎండ తగ్గాక, మిద్దెను నీళ్లతో తడిపి, తడి మెరుపు పోయి చెమ్మ మిగిలినప్పుడు మొదటి పూత వేయండి. పిట్టగోడ లోపలి వైపు వదలొద్దు. మెట్ల వైపు వెనక్కి నడుస్తూ రండి, లేదంటే చివర్లో మూలన ఇరుక్కుంటారు. మర్నాటి పొద్దున పలచగా నీళ్లు చిలకరించండి. రెండో పూతను మొదటిదానికి అడ్డంగా ఆ సాయంత్రం, మూడోది మరుసటి సాయంత్రం వేయండి. తడిగా ఉన్నప్పుడు సున్నం తెల్లగా కనిపించదు. అది చూసి ఇంకో పూత దిట్టంగా కొడితే అదే పెచ్చులుగా లేస్తుంది.

పనిలో పనిగా ఒక మూలన మూడడుగుల చదరం పూత వేయకుండా వదలండి. చూడ్డానికి వెలితిగా ఉంటుంది, కానీ ఫలితం తేల్చేది అదే.

*డబ్బా పెయింటు వేయాలనుకుంటే* గోడలకు వేసే తెల్ల ఎమల్షన్ కాకుండా మిద్దెల కోసం చేసిన కూల్ రూఫ్ పూత అడగండి. దుకాణదారు "తెలుపే కదా, ఏదైనా ఒకటే" అంటే నమ్మొద్దు. గోడ ఎమల్షన్ నిలిచిన నీళ్లకు ఒక్క వానాకాలంలో పొరలుగా లేస్తుంది. డబ్బా మీదో కంపెనీ కాగితంలోనో ఎస్‌ఆర్‌ఐ అనే అంకె ఉంటుంది. పూత ఎండను ఎంత బాగా తిప్పికొడుతుందో అది చెబుతుంది. 100కు అటూఇటూ ఉన్నది తీసుకోండి. నీళ్లు ఎంత కలపాలో డబ్బా మీద రాసినంతే కలపాలి. ఒక్క డబ్బానే ఎక్కువ చోటుకు సరిపెట్టాలని నీళ్లు పోయడం పెయింటర్ల పాత అలవాటు. సున్నం కంటే ఖర్చు ఎక్కువే, కానీ సున్నాన్ని ఏటా వేయాలి, ఇది కొన్నేళ్లు నిలుస్తుంది. చేతిలో డబ్బు లేదని మానుకోకుండా ఈ ఏటికి సున్నం వేసేయండి.

*జాగ్రత్తలు.* తెల్లబడ్డ మిద్దె తడిస్తే జారుతుంది. మధ్యాహ్నం పైకెక్కితే కళ్లు బైర్లు కమ్ముతాయి. వాన నీటిని సంపులోకి పట్టే ఇళ్లలో సున్నం వేశాక తొలి వానల నీళ్లు బయటికి వదిలేయాలి.

*రేకుల ఇళ్లు.* సిమెంటు రేకుల మీద నడవొద్దు, విరుగుతాయి. పాత రేకులను పొడిగా గీకడం, రంధ్రాలు వేయడం అసలు వద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, మెత్తని చీపురుతో కడిగి, నిచ్చెన మీద నుంచి పొడుగు కర్ర రోలరుతో పూయండి. జింకు రేకుకు సున్నం అంటదు, రేకుల పెయింటే వేయాలి.

*మట్టి మిద్దెలు.* చవుడు మన్ను పోసిన పాత మిద్దె ఉన్నవాళ్లు అదృష్టవంతులు, దాని జోలికి పోకండి. మన్ను పలచబడిన చోట మళ్లీ పోయించి, గవాచి (మిద్దెకు వెలుతురు కోసం పెట్టిన కంత) పగలు మూసి రాత్రి తెరవండి, అంతే. దానిపై సిమెంటు పూయిస్తే చెమ్మ లోపలే ఉండి దూలాలు పుచ్చుతాయి.

6. కిటికీలు, గాలి

బయట గాలి గది కంటే చల్లబడిన క్షణం రెండు మీటర్లలో కనిపిస్తుంది. అప్పుడు తెరిచి, పొద్దున బయటి అంకె గది అంకెను దాటగానే మూయండి. ఒక వారం చూస్తే మీ ఇంటి వేళలు మీకే తెలుస్తాయి. మధ్యాహ్నం "గాలి రావాలి" అని కిటికీలు బార్లా తీయడం ఇళ్లలో కనిపించే పెద్ద పొరపాటు. వచ్చేది వడగాలే. రాత్రి ఎదురెదురుగా రెండు తెరవాలి, ఒక్కటి తెరిస్తే గాలి ఆడదు. బయటికి ఊదేలా ఎగ్జాస్టు ఫ్యాను పెడితే ఇంకా మేలు.

పడమటి కిటికీకి లోపలి కర్టెన్ కంటే బయట చాప మేలు. అద్దం దాటి లోపలికి వచ్చాక ఎండను ఆపినా వేడి గదిలోనే ఉంటుంది. వట్టివేరు తడక తడిపి కట్టొచ్చు, గోనెసంచులైనా పర్వాలేదు.

కూలరుకు మన పొడి ఎండలు బాగా కలిసొస్తాయి. ఒక కిటికీ తెరిచి ఉంచితేనే అది పనిచేస్తుంది. అన్నీ మూసి నడిపితే తేమ పెరిగి ఒళ్లు జిగటగా అవుతుంది. గదిలో తేమ 65 దాటుతుంటే కిటికీ ఇంకాస్త తెరవండి, లేదా పంపు ఆపి ఫ్యాను మాత్రమే నడపండి. గది గాలి 40 దాటిన వేళ వట్టి ఫ్యాను ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటూ ఉండండి, ముసలివాళ్లను, పసిపిల్లలను చల్లని గదికి మార్చండి. మాట తడబడటం, మగత, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు నీళ్లతో తడుపుతూ విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

7. నీడ

అద్దె ఇల్లయితే, ఓనరు పెయింటుకు ఒప్పుకోకపోతే గ్రీన్ షేడ్ నెట్ కట్టుకోండి. స్లాబు మీద పరిస్తే లాభం లేదు. రెండు, మూడడుగుల ఎత్తున, కింద గాలి పోయేలా ఉండాలి. మేలో వచ్చే గాలివానకు నెట్టు ఎగిరి పక్కింటి కరెంటు తీగల మీద పడే ప్రమాదం ఉంది, నాలుగు మూలలా ఇనుప కమ్మీలకు గట్టిగా బిగించండి. జొన్న చొప్ప, బోద గడ్డి పరిచేవాళ్లున్నారు. చల్లగానే ఉంటుంది, కానీ ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాసు, దీపావళి టపాసులు ఉండే కాలనీల్లో నేనైతే వద్దంటాను.

సాయంత్రం మిద్దె మీద నీళ్లు కొట్టడం గురించి చాలామంది అడుగుతారు. పనిచేస్తుంది. 600 చదరపు అడుగుల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే 56 లీటర్లు. అనంతపురంలో ట్యాంకరు కొనుక్కునే వీధిలో రోజూ అన్ని నీళ్లు ఎక్కడివి? పైగా మిట్టమధ్యాహ్నం కాలిన స్లాబు మీద చల్లనీళ్లు పడితే పగుళ్లు వస్తాయి. పోస్తే గీస్తే సూర్యుడు దిగాకే, అదీ బట్టలు ఉతికిన నీళ్లతో.

8. ఫలితం తేల్చడం

పూత ఆరిన వారానికి, ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు తెల్ల భాగాన్ని, వదిలేసిన చదరాన్ని ఒక నిమిషం తేడాలో కొలవండి. నిన్నటి అంకెతో ఇవాళ్టి అంకెను పోల్చొద్దు, ఎండ ఏ రోజుకారోజే వేరు. రెంటికీ 10 డిగ్రీలైనా తేడా రావాలి. రాకపోతే పూత పలచబడిందనో దుమ్ము పట్టిందనో అర్థం. ఆ సాయంత్రం 6కు లోపల సీలింగు, గది గాలి కొలిచి, మొదట్లో రాసుకున్న తేడాతో పోల్చండి. మన ఉదాహరణలో ఐదు డిగ్రీల తేడా రెండుకో ఒకటిన్నరకో దిగాలి. పై అంతస్తు గదిలో గాలి రెండు డిగ్రీల నుంచి నాలుగైదు డిగ్రీల దాకా తగ్గొచ్చు. "పది డిగ్రీలు తగ్గిస్తాం" అనే ప్రకటనల్లో ఆ పది మిద్దె పైభాగానిది, మీ మంచం దగ్గరి గాలిది కాదు.

అరచేతితో పూతను రుద్దండి. కొంచెం తెల్లపొడి అంటితే ఫర్వాలేదు. ముద్దగా ఊడి వస్తే స్లాబు కడగలేదనో, ఎండలో వేశారనో, సిమెంటు గట్టిపడ్డాక నీళ్లు కలిపారనో లెక్క. ఊడిన చోట మాత్రం గీకి, తడిపి మళ్లీ వేయాలి. దానిమీదే ఇంకో పూత వేస్తే రెండూ కలిసి లేస్తాయి.

బండల పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు లారీలు తిరిగే రోడ్ల పక్క ఇళ్లలో తెలుపు నెలలోపే బూడిదరంగుకు తిరుగుతుంది. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి పొద్దున్నే చీపురు కొట్టండి. కొట్టకముందు, కొట్టిన రోజు మధ్యాహ్నం ఒకే చోట గన్ను పెట్టి చూస్తే దుమ్ము ఎన్ని డిగ్రీలు తింటోందో తెలుస్తుంది.

వీధిని కొలవాలంటే

ఇదే మీటరుతో, ఒకే రోజు, అరగంట లోపల రెండు చోట్ల కొలవండి. కర్నూలులో రాజ్‌విహార్ సెంటరు, కేసీ కాలువ గట్టు. కడపలో ఏడురోడ్ల కూడలి, ఏదైనా చెట్లున్న కాలనీ. అనంతపురంలో సప్తగిరి సర్కిల్, దగ్గర్లోని వేపచెట్ల వీధి. మీటరును నీడలో పట్టుకుని ఐదు నిమిషాలు ఆగాలి, జేబులోంచి తీసిన వెంటనే చూపేది మీ ఒంటి వేడి. రాత్రి తొమ్మిదింటికి కూడా కొలవండి, సిమెంటు వీధికీ చెట్ల వీధికీ తేడా అప్పుడే స్పష్టంగా ఉంటుంది. తేదీ, వేళ, చోటు, అంకెలు ఒక పేజీలో రాసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీగా ఇవ్వొచ్చు. "మా వీధి వేడిగా ఉంది" అని కాకుండా "ఫలానా బస్టాపుకు నీడ కావాలి, ఫలానా చోట వేప, కానుగ నాటించండి" అని పనిపేరు చెప్పి అడగండి. మొక్కలకు అదను జూన్, జూలై. అర్జీ మే లోపలే పడాలి.